మూసేసిన రోడ్డుకి దీపాలు

టైర్ల కొట్టు,
మలుపు దగ్గర.

స్కేలు చేత్తో పట్టుకుని పుట్టిన బావగారికి,

పంక్చర్లు వేసుకుని బతికే మరదలు వంగి పెడుతున్న నమస్కారం. నడుం పట్టేసింది కాబట్టి కొంచెమే వంగాను, సర్దుకోండి.

ఫోన్ చేస్తే "మీటింగులో ఉన్నాను" అంటారు. అక్కని అడిగితే ఆ మీటింగు మంచం మీద, దుప్పటి కింద జరుగుతోందని చెప్పింది. అందుకే ఉత్తరం. దీన్ని మధ్యలో కట్ చేయలేరు కదా.

జరిగింది అక్క చెప్పే ఉంటుంది, నా నోటితో కూడా వినండి. పోయిన వారం చీకటి పడే వేళ, చినుకుల్లో, మీ తోడల్లుడు బస్సు తోలుకుంటూ వచ్చి మలుపు తిరగకుండా తిన్నగా నా కొట్లోకి వచ్చేశాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇంటికి తొందరగా రమ్మని పోరుతున్నాను. వచ్చాడు, బస్సు నిండా జనాన్ని వెంటేసుకుని మరీ. పాత టైర్ల గుట్ట అడ్డం ఉండబట్టి ఎవరి ప్రాణమూ పోలేదు. కొందరికి మూతులు పగిలాయి, ఆయనకి చెయ్యి విరిగింది, నా గాలి మిషను చచ్చిపోయింది.

ఇప్పుడు అసలు సంగతి. విచారణ అధికారి రిపోర్టులో ఏం రాశాడో తెలుసా? "డ్రైవరు అజాగ్రత్త. మలుపు వద్ద భార్య కొట్టు ఉన్నందున ధ్యాస మళ్ళినట్టు తోచుచున్నది." బావా, నా మొహం చూసి దారి తప్పేంత మోజే ఆ మనిషికి ఉంటే నేను ఈపాటికి నాలుగు జతల గాజులు చేయించుకుని ఉండేదాన్ని. అంతకుముందు ఒక లారీ, దానికి ముందు ఒక పాల వ్యాను ఇలాగే తిన్నగా వచ్చాయి. వాళ్ళకీ నేను పెళ్ళాన్నేనా?

లైసెన్సు రద్దు చేస్తారట. వచ్చే నెల విచారణ. ఇన్నేళ్ళలో ఒక కుక్కపిల్లని కూడా తగలనివ్వని మనిషి బావా ఆయన. విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చుంటున్నాడు. అన్నం పెడితే తింటాడు, పెట్టకపోతే అడగడు. ఆయనకి చేతనైంది బస్సు తోలడం ఒక్కటే. అదీ లాగేసుకుంటే మిగిలేది చొక్కా, ప్యాంటు.

మీరు రోడ్ల శాఖలో బొమ్మలు గీసే పెద్దమనిషి. ఈ మలుపులో ఏదో తిరకాసు ఉంది. అదేంటో చెప్పండి. నేను ఊరుకోను.

మీ అక్కరకు రాని
మరదలు


డిజైన్ విభాగం,
రెండో అంతస్తు.

మరదలికి,

ఉత్తరం ఆఫీసు చిరునామాకి పంపావు. ఇక్కడికి వచ్చిన ప్రతిదీ టపా గుమాస్తా విప్పి, చదివి, ముద్ర కొట్టి పైకి పంపుతాడు. నా మీటింగు దుప్పటి కింద జరుగుతుందని ఇప్పుడు రెండంతస్తులకీ తెలుసు. ఇకమీదట ఇంటికి రాయి.

తోడల్లుడి సంగతి విని మీ అక్కా నేనూ చాలా బాధపడ్డాం. కానీ ఒకటి గుర్తుంచుకో. ఎక్కడ ప్రమాదం జరిగినా రిపోర్టులో మొదట పడేది డ్రైవరు పేరే. రోడ్డుకి నోరు లేదు కాబట్టి రోడ్డును ఎవరూ ప్రశ్నించరు. పైగా అక్కడ మలుపు ఉందని అతనికి తెలియదనడానికి వీల్లేదు. కట్టుకున్న భార్య కొట్టే అక్కడ ఉంది. వాళ్ళు పట్టుకునేది దాన్నే.

పాత పటాలు తీయించి చూస్తాను. ఈలోగా నీ వేషాలేవీ వేయకు. నీ సంగతి తెలిసే చెబుతున్నాను. నా పెళ్ళిలో నా చెప్పుల్ని మేకులతో నేలకి దిగ్గొట్టింది నువ్వే.

బావ


టైర్ల కొట్టు,
మలుపు దగ్గర.

మేకుల బావగారికి,

వేషం వేయొద్దన్నారు. అప్పటికే వేసేశాను.

మలుపుకి కాస్త ముందు ఒక రేకు పాతి, నా చేత్తోనే రంగు వేసి రాశాను: "ముందు పోలీసులు ఉన్నారు. కాగితాలు తీసి చేతిలో పట్టుకోండి." అబ్బబ్బ, ఆ తమాషా మీరు చూడాల్సింది. గాల్లో తేలుతూ వచ్చే కార్లు నత్తల్లా పాకుతున్నాయి. ఒక స్కూటరు పెద్దాయన బండి ఆపి, జేబులన్నీ తిరగేసి, కళ్ళజోడుకి డాక్టరు రాసిచ్చిన చీటీ కూడా చేతిలో పట్టుకుని నా ముందు నిలబడ్డాడు. నేను ఊరుకుంటానా? "సరే, పొండి" అన్నాను. దణ్ణం పెట్టి వెళ్ళాడు.

మీ శాఖ పెట్టిన మలుపు గుర్తు కూడా ఒకటి ఉందిక్కడ. వేపకొమ్మ వెనకాల సిగ్గుపడుతూ నిలబడి ఉంటుంది, కొత్త కోడలిలా. సరిగ్గా మలుపు మొదలయ్యే చోట పాతారు. దాన్ని చూసేసరికి మనం నా కొట్లో ఉంటాం.

మీ కాలేజీ చదువులన్నీ చేయలేని పని ఏడో తరగతి తప్పిన నేను ఒక రేకుతో చేశాను. ఎవరితో చెప్పుకుంటారో చెప్పుకోండి.

మరదలు


ఇంటి నుంచి.

మరదలికి,

చెప్పుకోవాల్సింది నువ్వు. చెప్పలేదు. మీ అక్క చెప్పింది.

నీ రేకు చూసి ఒక కారు ఉన్నపళంగా బ్రేకు వేస్తే వెనకాల వ్యాను వచ్చి గుద్దింది. కారులో ఉన్న గర్భిణికి దేవుడి దయ వల్ల ఏమీ కాలేదు. ఆ ముక్క నీ ఉత్తరంలో లేదు. స్కూటరు పెద్దాయన మాత్రం ఉన్నాడు.

నవ్వు ఆపి ఇది చదువు. డ్రైవరుకి తీరుబడి ఉండదు. ఆ వేగంలో అతను ఒక గుర్తు మీద చూపు ఆనించేది రెప్పపాటు. అందులో ఒక్క మాట పడుతుంది. ఆ మాట ముందుగానే చెప్పాలి, అతను కాలు కదపడానికి వ్యవధి ఉండాలి. అది నిజం కావాలి. నీ రేకు కథ చదివిస్తుంది, చదివే కళ్ళు రోడ్డు మీద ఉండవు. పోలీసులు లేరని రెండోసారి వచ్చినవాడికి తెలిసిపోతుంది. తర్వాత అతను నీ రేకునే కాదు, పక్కనున్న నిజం గుర్తును కూడా నమ్మడు. నువ్వు రోడ్డు చేత అబద్ధం ఆడించావు. అంతకన్నా పెద్ద తప్పు మా పనిలో లేదు.

వెంటనే పీకేయ్.

ఇంకొకటి. మలుపును నువ్వు కొట్లో కూర్చుని చూస్తున్నావు. అక్కణ్ణుంచి ఏమీ తెలియదు. పెద్ద బండిలో డ్రైవరు సీటు ఎత్తున కూర్చుని, అటువైపు నుంచి వస్తూ చూడు. చీకటి పడే వేళ చూడు. గుర్తులను కాదు, మిగతా వాటన్నిటినీ చూడు. రోడ్డు గుర్తులతోనే మాట్లాడదు. అంచులతో, చెట్ల వరసతో, దీపాలతో కూడా మాట్లాడుతుంది. అదేం అంటోందో విని నాకు రాయి.

బావ


టైర్ల కొట్టు.

బావగారికి,

రేకు పీకేశాను. ఆ గర్భిణి ఇంటికి వెళ్ళి కాళ్ళు పట్టుకోబోతే "లేవండి పిన్నీ, పుట్టేవాడికి మీ పేరే పెడతాం, పోలీసని" అంది. నా కన్నా ఆకతాయిది. ఆ సంగతి రాయకపోవడం నా బుద్ధి తక్కువ. చాలా?

ఇప్పుడు మీరు చెప్పిన పని. ఒక సిమెంటు లారీ టైరు మార్చాక, డబ్బులొద్దు, నన్ను వెనక్కి తీసుకెళ్ళి మళ్ళీ ఇటు తీసుకురమ్మన్నాను. డ్రైవరు పక్కనే కూర్చున్నాను. చీకటి పడుతోంది.

బావా, ఏం చూశానో వినండి.

మలుపు లేదు. నిజంగా లేదు. ఎదురుగా కరెంటు స్తంభాలు, దీపాలతో, ఒకదాని వెనకాల ఒకటి, తిన్నగా, పెళ్ళి పందిరి దారిలా పిలుస్తున్నాయి. అది పాత వంతెనకి పోయే పాత రోడ్డు. కొత్త వంతెన కట్టాక దాన్ని మూసేసి, రోడ్డును పక్కకి తిప్పారు. రోడ్డును తిప్పారు, స్తంభాలను మరిచిపోయారు. మూసేసిన రోడ్డుకి దీపాలు, తెరిచిన రోడ్డుకి చీకటి! మీ తోడల్లుడు రోజూ సైకిలు మీద ఊరి వైపు నుంచి కొట్టుకి వచ్చేవాడు. ఎత్తు సీటులో కూర్చుని, అటువైపు నుంచి, ఆ వేళప్పుడు రావడం ఆయనకి అదే మొదటిసారి. ఆ పూట వేరే డ్రైవరు రాకపోతే ఈయన్ని ఈ రూటులో వేశారు.

నా దగ్గర ఉన్నవి టైర్లే కాబట్టి, మలుపు బయటి అంచు పొడుగునా పాత టైర్లు సగం పాతి తెల్ల సున్నం వేశాను. ఇప్పుడు మలుపు దూరం నుంచే పళ్ళికిలించి నవ్వుతోంది. బళ్ళు వాటంతటవే నెమ్మదిస్తున్నాయి. రాత లేదు, అబద్ధం లేదు. మెచ్చుకోండి.

మెచ్చుకున్నాక విచారణకి రండి. ఆ స్తంభాల సంగతి మీరు చెబితే వింటారు. నేను చెబితే టైర్ల ఆవిడ అంటారు.

మరదలు


ఇంటి నుంచి.

మరదలికి,

పటం చూశాను. నువ్వు చెప్పింది నిజం. స్తంభాలు మార్చాలని పటంలోనే ఉంది. మార్చలేదు.

టైర్ల ఆలోచన మంచిదే. పూర్తిగా కాదు. సున్నం మీద మట్టి పడితే రాత్రి కనపడదు, గట్టిగా పాతిన టైరుకి మోటారు సైకిలు తగిలితే మనిషి ఎగిరి పడతాడు. ఎలాగూ ఆక్రమణ కింద తీసేయమని నీకు నోటీసు వచ్చి ఉంటుంది. తీసేయ్.

విచారణకి నేను రాలేను. శాఖ ఉద్యోగి శాఖ మీద సాక్ష్యం చెప్పాలంటే పైవాళ్ళ అనుమతి కావాలి. అడిగినా ఇవ్వరు. అడిగినందుకే గుర్తు పెట్టుకుంటారు. నాకు సర్వీసు ఇంకా ఉంది, మీ అక్కకి మందులున్నాయి. అర్థం చేసుకో.

చెప్పక తప్పని మాట ఇంకొకటి. ఆ వరసలో ఆఖరి దీపం స్తంభానిది కాదు. నీ కొట్టు ముందున్న పెద్ద ట్యూబులైటుది. రోడ్డు ఇంకా ఉంది, ముందు ఊరుంది అని డ్రైవరుకి నమ్మకంగా చెప్పేది అదే.

బావ


టైర్ల కొట్టు.

బావగారికి,

టైర్లు పీకించారు. మీ వాళ్ళే లారీ తెచ్చి, పెళ్ళికి వచ్చినట్టు పదిమంది వచ్చి పీకారు. స్తంభాలు పీకడానికి మాత్రం మనుషులు లేరట.

ఇప్పుడు మీరు నా లైటు మీద పడ్డారు. ముందు ఆయన తప్పు, ఇప్పుడు నా తప్పు. రేపు పాల వ్యానుకి పాలిచ్చిన ఆవుది తప్పంటారు. శాఖది మాత్రం ఎప్పటికీ కాదు.

అక్కకి మందులు జాగ్రత్తగా వేయండి. మీరు రావద్దు. నేను చాలు.


టైర్ల కొట్టు.

బావగారికి,

విచారణ అయింది. అడగలేదు కదా, అయినా చెబుతున్నాను.

బల్లకి అటు ముగ్గురు. ఇటు మేమిద్దరం. నేను స్తంభాల గురించి మొదలుపెట్టాను. మధ్యలో ఉన్నాయన చెయ్యెత్తి ఆపి, "అమ్మా, మీరు బయట కూర్చోండి" అన్నాడు. "నేను బయటే కూర్చుంటాను సార్, బస్సులే లోపలికి వస్తున్నాయి" అన్నాను. పక్కనున్నాయన నవ్వాపుకోలేక దగ్గాడు.

అప్పుడు ఒక కాగితం ఇటు తోశారు. అజాగ్రత్త తనదేనని ఒప్పుకుంటూ ఆయన సంతకం పెడితే కొన్నాళ్ళు సస్పెన్షను, తర్వాత లైసెన్సు వెనక్కి. లేకపోతే పూర్తిగా రద్దు.

నిజం చెబుతున్నాను బావా, నా ప్రాణం లేచొచ్చింది. నేను, ఇన్ని మాటలు మాట్లాడే నేను, పెన్ను తీసి ఆయన చేతిలో పెట్టాను. "పెట్టెయ్యి" అన్నాను. "మాటలదేముంది, బస్సెక్కుతావు, అంతే చాలు" అన్నాను.

ఆయన పెన్ను మూత పెట్టి నాకు తిరిగిచ్చేశాడు. ప్రమాదం జరిగాక ఆ నోరు తెరిచింది అప్పుడే.

"నేను సంతకం పెడితే స్తంభాలు అక్కడే ఉంటాయి సార్. రేపు ఇంకో డ్రైవరు వస్తాడు. అప్పటికి ఆ టైర్ల గుట్ట ఉంటుందో లేదో. బతికితే వాడికీ ఇదే కాగితం ఇస్తారు. నేను పెట్టను."

గొంతు పెంచలేదు. ఈ బస్సు అటు పోదని ప్రయాణికుడికి చెప్పినట్టే చెప్పాడు. ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వాయిదా వేశారు. పదిహేను రోజుల్లో కొత్త ఆధారమేదైనా ఉంటే తెమ్మన్నారు, లేకపోతే రద్దే.

ఆధారం లేదు. అయినా ఆ రాత్రి ఆయన రెండోసారి కూర అడిగి వేయించుకున్నాడు.

ట్యూబులైటు తీసి వెనక గోడకి బిగించాను. మీరు చెప్పినందుకు కాదు. చూశాను, నిజంగానే పిలుస్తోంది.

మిమ్మల్ని రమ్మనడం లేదు. ఊరికే తెలియాలని.

మరదలు


ఇంటి నుంచి.

మరదలికి,

నీ ఉత్తరం మీ అక్క పైకి చదివింది. ఆ కాగితం దగ్గరికి వచ్చాక ఆపేసి నా వైపు చూసింది. ఏమీ అనలేదు. ఇరవై ఆరేళ్ళలో ఆవిడ ఏమీ అనకపోవడం నేను చూడటం అదే మొదటిసారి.

మొన్న మీ మలుపుకి వచ్చాను. ఇంటికి రాలేదు, తిట్టు. చీకటి పడే వేళ, సన్నగా చినుకులు. కారు నేనే తోలుతున్నాను. మలుపు ఎక్కడుందో నాకు తెలుసు. పటం పక్క సీట్లో ఉంది. దాన్ని చూడటానికే వచ్చాను. నీ లైటు కూడా లేదు.

తిన్నగా వెళ్ళిపోయాను.

తెలిసినది తలలో ఎక్కడో ఉండిపోయింది. కంటికి దీపాల వరస కనిపించింది, కాలు కన్ను చెప్పింది విన్నది. బ్రేకు వేసేసరికి పాత రోడ్డు మీద ఉన్నాను. టైర్లు పీకిన గోతిలో ముందు చక్రం దిగబడిపోయింది.

కొట్టు మూసి ఉంది, నువ్వు మిషను సామాను కోసం వెళ్ళావట. చీకట్లోంచి ఒక మనిషి వచ్చి, ఒక చేత్తో కారును వెనక నుంచి నెట్టడం మొదలుపెట్టాడు. ఇంకో చెయ్యి కట్టులో ఉంది. బయటికి వచ్చాక నన్ను గుర్తుపట్టాడు.

"కంగారు పడకండి అన్నగారూ" అన్నాడు. "మొదటిసారి అందరూ ఇలాగే వస్తారు."

"ఆవిడకి చెప్పనులెండి" అని కూడా అన్నాడు.

చెప్పు, మరదలా. అందరికీ చెప్పు. నేను కూడా చెబుతున్నాను. నా హోదా, నా సర్వీసు, నా దగ్గరున్న పటం, నేను తిన్నగా పోయిన సంగతి, అన్నీ రాసి విచారణ అధికారికి రిజిస్టర్డు పోస్టులో పంపాను. అనుమతి అడగలేదు. అడిగితే ఇవ్వరని నీకు నేనే రాశాను కదా.

బావ


టైర్ల కొట్టు.

గోతిలో పడ్డ బావగారికి,

ఆ మనిషి నాకు ఒక్క ముక్క చెప్పలేదు! మీ ఉత్తరం చదివి వినిపిస్తే, "అవును, వచ్చారు" అన్నాడు. వచ్చారట! నా కొట్టు ముందు నా బావ గోతిలో పడితే నేను చూడలేకపోయాను. ఆ దుఃఖం నాకు జన్మలో పోదు.

వాయిదా రోజు మీ వాంగ్మూలం మధ్యలో ఉన్నాయన రెండుసార్లు చదివాడు. "ఈయన మీకేమవుతారు?" అన్నాడు. "బావ" అన్నాను. "అయితే బంధువు. ఈ మాట చెల్లదు" అన్నాడు.

నాకు మండింది. "అయితే మీరు రండి సార్" అన్నాను. "మీరు మాకేమీ కారు కదా. ఆ రూటు బస్సులో ముందు సీట్లో కూర్చోండి. మలుపు ఎక్కడొస్తుందో వచ్చేముందు చెప్పండి. చెప్పగలిగితే ఆ కాగితం మీద సంతకం ఆయన చేత నేనే పెట్టిస్తాను."

మీ తోడల్లుడు నా వైపు చూశాడు. వద్దనలేదు.

మూడు రోజుల తర్వాత వచ్చాడు. పెద్దమనిషే, మాట తప్పలేదు. ఆ రూటు డ్రైవరు ముందే నెమ్మదిగా తోలుతున్నాడు. నేను వెనక నిలబడి ఉన్నాను. ఆయన కళ్ళు చిట్లించి చూస్తున్నాడు, చూస్తున్నాడు, "ఇంకా ముందుంది, దీపాల చివర" అన్నాడు. ఆ మాట నోట్లో ఉండగానే డ్రైవరు స్టీరింగు తిప్పేశాడు. ఆయన సీటు కడ్డీ రెండు చేతులతో పట్టుకుని "ఎటు? ఎటు?" అని కేక పెట్టాడు.

బస్సులో ఎవరూ నవ్వలేదు. నేను కూడా నవ్వలేదు, రాసి పెట్టుకోండి.

లైసెన్సు నిన్న ఇచ్చారు. కట్టు విప్పాక ఎక్కొచ్చు. పాత స్తంభాలకి కరెంటు తీసేశారు, పీకడానికి ఉత్తర్వు వచ్చిందట. మలుపు అంచున బాణాల గుర్తులు మెరిసేవి వరసగా పెడుతున్నారు. పెట్టే కుర్రాళ్ళ పక్కన నిలబడి ఒక్కొక్కటీ చూస్తున్నాను, మీరు చెప్పినట్టు ముందుగానే కనపడుతోందో లేదో. కాస్త చిరాకు పడుతున్నారు, పడనీ.

అంతా బాగానే ఉంది. మరి మీ సంగతేంటి? అక్క ఫోన్లో "ఏం లేదే, ఏం లేదే" అంటోంది. రెండుసార్లు ఏం లేదంటే ఏదో ఉన్నట్టే. దాచకుండా రాయండి. ఈసారి నేను దాచలేదు.

మరదలు


డిజైన్ విభాగం,
రెండో అంతస్తు.

మరదలికి,

కావాలనే ఆఫీసు నుంచి రాస్తున్నాను. టపా గుమాస్తా ఇది చదివి, కింది అంతస్తులో కూడా వినిపించాలని కోరిక.

మెమో ఇచ్చారు. శాఖ ప్రతిష్ఠకు భంగం కలిగించినందుకు చర్య ఎందుకు తీసుకోకూడదో వారంలోగా చెప్పమన్నారు. పక్క బల్ల ఆయన క్షమాపణ నమూనా ఒకటి రాసి తెచ్చి, "సంతకం పెట్టు, రెండు ఇంక్రిమెంట్ల కోతతో పోతుంది" అన్నాడు. తోడల్లుడు నీ పెన్ను నీకు ఎలా తిరిగిచ్చాడో అలాగే ఆ కాగితం ఆయనకి తిరిగిచ్చాను. మూత పెట్టడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది, అంతే తేడా.

బదిలీ ఉండొచ్చు. మీ అక్క అప్పుడే పెట్టెలు కిందికి దించి దుమ్ము దులుపుతోంది, హుషారుగా. ఎక్కడికి వేసినా అక్కడ కూడా రోడ్లుంటాయి కదా అంటోంది.

మెమోకి జవాబు ఈ ఉదయం ఇచ్చాను. పేజీలు రాద్దామనుకున్నాను. చివరికి రెండు వాక్యాలే మిగిలాయి:

"ఆ డ్రైవరు రోడ్డు చెప్పిన మాట విన్నాడు. రోడ్డు చేత ఆ మాట చెప్పించింది మనం."

కింద పూర్తి సంతకం పెట్టాను, హోదాతో సహా.

బావ